సున్నం పూసిన కిటికీలు

మా అత్తయ్యకూ నాకూ పొద్దున్నే మొదలయ్యే పోట్లాట నిచ్చెన దగ్గర ఆగేది. ఆవిడ మొదటి మెట్టు మీద కాలు పెట్టిందంటే నేను నోరు మూసుకోవాల్సిందే. ఆవిడా మూసుకునేది. కిందికి దిగి, భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకున్నాక, ఎక్కడ ఆపామో అక్కణ్ణుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మాకు ఆ యోగం లేదు. రెండు గదుల ఇంట్లో ఇద్దరం ఉన్నాం, పైగా చేసేది ఒకే పని.

పాత ఇళ్ళ కిటికీలు తుడవడం మా పని. మా వీధి పొడుగునా ఒకదాన్నొకటి ఆనుకుని మూడంతస్తుల ఇళ్ళు ఉండేవి. కిటికీలు మనిషి కంటే ఎత్తు. కింది సగం లోపలికి తెరుచుకునే రెండు రెక్కలు, పై సగం అసలు తెరుచుకోని చిన్న చిన్న అద్దాలు, చెక్క చట్రంలో లప్పం పెట్టి బిగించినవి. మాకు తిండి పెట్టింది ఆ పై అద్దాలే. కింది రెక్కల్ని ఎవరింట్లో వాళ్ళు తుడుచుకోగలరు. పై అద్దాల బయటి వైపు శుభ్రం కావాలంటే మాత్రం మా నిచ్చెన రావాలి, మా అత్తయ్య ఎక్కాలి.

మా పనిలో పైకి ఎక్కేవాళ్ళని చెయ్యి అంటాం, కింద నిచ్చెన పట్టుకునేవాళ్ళని కాలు అంటాం. అత్తయ్య చెయ్యి, నేను కాలు. కాలుకి ఒకటే నియమం, తల ఎత్తకూడదు. ఎత్తితే మురికినీళ్ళు కళ్ళల్లో పడతాయి, కళ్ళు నులుముకుందామని చెయ్యి తీస్తాం, నిచ్చెన జారుతుంది. అందుకని పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడతోనే పనిచేస్తున్నా, ఆవిడ పని చేస్తుండగా నేనెప్పుడూ చూడలేదు. నా మొహానికి ఎదురుగా ఉన్న గోడ పెచ్చులు చూస్తూ, చేతులకి తగిలే మెట్ల అదురుని బట్టి ఆవిడ ఏ అద్దం దగ్గరుందో చెప్పగలిగేదాన్ని, అంతే. నాకు ఎత్తంటే భయం. ఈ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే చాటింపు వేసింది అత్తయ్యే. "మా కోడలికి పీట ఎక్కినా కళ్ళు తిరుగుతాయి" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పేది.

ఆ ఏడు ఎండలు ముదరక ముందే ఆ ఇళ్ళు చేతులు మారాయి. కొన్న మనిషిని మేమెప్పుడూ చూడలేదు. ఆయన తరఫున ఒక మేనేజరు వచ్చాడు. చూడ్డానికి మర్యాదస్తుడు, తెల్లచొక్కా మీద మడత నలగదు. మా ఆయనకి జీపు నడిపే ఉద్యోగం ఇచ్చాడు. మేముండే మూల ఇంటి కింది గదులు రెండూ ఆ ఉద్యోగంతో పాటే అన్నాడు. ఉద్యోగం ఉన్నంతకాలం గదులు. మా ఆయన పొంగిపోయాడు. ఆయన స్వభావం అంత, ఎవరేం చెప్పినా "సరే సార్" అనేస్తాడు, తర్వాత ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని దిగులు పడతాడు.

నెల తిరక్కుండానే మేనేజరు మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. అత్తయ్య బకెట్ కడుగుతోంది.

"ఇక మీదట కిటికీలు తుడవక్కర్లేదమ్మా" అన్నాడు.

"ఎందుకని?"

"పైవాళ్ళ ఆర్డరు."

"పైవాళ్ళంటే? మాకంటే పైకి ఎక్కేవాళ్ళు ఈ వీధిలో లేరే."

ఆయన నవ్వలేదు. "మీ అబ్బాయికి అన్నీ చెప్పాను. మీ మంచికే చెప్తున్నా" అని వెళ్ళిపోయాడు.

మా ఆయన చెప్పింది విన్నాక మాకు సంగతి అర్థమైంది. వానలు పడేలోపు ఒక ఆఫీసరు వస్తాడు. ఇళ్ళు పాడుబడ్డాయనీ, మనుషులు ఉండటం లేదనీ ఆయనకి నమ్మకం కుదిరితే పడగొట్టడానికి అనుమతి ఇస్తాడు. తళతళలాడే కిటికీలున్న ఇంటిని పాడుబడిందని ఎవరు నమ్ముతారు? అందుకని తుడవకూడదు.

"మరి ఉన్నవాళ్ళ సంగతేంటి?" అని అడిగాను.

"ఉన్నవాళ్ళు ఏదో చూసుకుంటారు."

"మనమో?"

"మనకి ఇంకోచోట గది చూపిస్తానన్నాడు."

"నోటితోనే కదా అన్నది?" అంది అత్తయ్య. "నోటితో అయితే నేనూ నీకు మేడ కట్టిస్తానురా."

"అమ్మా, ఇంకొక్కసారి నువ్వు నిచ్చెన ఎక్కావని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఇల్లూ పోతుంది. అప్పుడెక్కడుంటాం?"

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే మా నిచ్చెన మెట్ల కింద కమ్మీకి గొలుసుతో కట్టేసి ఉంది. తాళంచెవి ఆయన నడుముకి వేలాడుతోంది. అత్తయ్య గొలుసుని చేత్తో ఎత్తి చూసింది.

"దీనికి సంకెళ్ళేశావేంటిరా, ఏం దొంగతనం చేసింది?" అని అడిగింది.

మా ఆయన జీపు తుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు. తల్లికీ మేనేజరుకీ మధ్య ఆయన అడకత్తెరలో పోకచెక్క అయ్యాడని నాకు తెలుసు. జాలిపడే ఓపిక మాత్రం ఆ రోజుల్లో నాకు లేదు.

ఇక వీధి మీద ఒకటొకటే దెబ్బ పడుతూ వచ్చింది. నీళ్ళ మోటారు చెడిపోయింది, బాగుచేయించేవాడు లేడు. మెట్ల దగ్గర బల్బులు పోయాయి, కొత్తవి పెట్టనివ్వలేదు. వేడిగాలి దుమ్ముని తెచ్చి అద్దాలకి పులిమేది. ఊరికే కూర్చోవడం చేతగాని అత్తయ్య ఇంట్లో గిన్నెల్ని తోమిందే తోమింది. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం విన్నాను గానీ, మేనేజరు మీది కోపం నా మూకుడు మీద చూపించడం అప్పుడే చూశాను. రెండు కుటుంబాలు సామాను కట్టుకుని వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు, నువ్వు ఉంటావా, నువ్వుంటే నేనుంటా అన్నట్టు.

ఒకరోజు మేనేజరు తాళ్ళ మీద వేలాడే మనుషుల్ని తెప్పించి కిటికీలన్నిటికీ బయట్నుంచి సున్నం కొట్టించాడు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ఆ చివర్నుంచి ఈ చివరికి ముగించారు. వీధిలో నిలబడి చూస్తే ఇళ్ళన్నీ కళ్ళల్లో పువ్వులు వేసిన ముసలివాళ్ళలా ఉన్నాయి. కింది రెక్కల్ని ఎవరికి వాళ్ళు లోపలికి తెరుచుకుని కడుక్కున్నారు. పై అద్దాలు మాత్రం తెల్లగానే మిగిలాయి, మా నిచ్చెనేమో గొలుసులో ఉంది.

సున్నం కొట్టిన మూడో రోజు కుట్టు మాస్టారు మా ఇంటికొచ్చాడు. పై అంతస్తులో ఆయనా, ఆయన మిషనూ ఉంటారు. పెళ్ళాం పోయాక ఆ మిషన్తోనే కాపురం అని మేం ఎగతాళి చేసేవాళ్ళం. దుమ్ము గుడ్డల మీద పడుతుందని కింది రెక్కలు ఎప్పుడూ మూసే ఉంచుతాడు. పై అద్దాల్లోంచి వచ్చే వెలుతురే ఆయన బతుకు.

"సూదిలో దారం ఎక్కట్లేదమ్మా" అన్నాడు గుమ్మంలో నిలబడే. "రెక్కలు తెరిస్తే దుమ్ము, మూస్తే చీకటి. లైటు పెట్టుకుంటే నలుపు గుడ్డ మీద నలుపు దారం కనపడి చావదు. మా చెల్లెలు రమ్మంటోంది. వెళ్ళిపోదామనుకుంటున్నా. చెప్పి పోదామని వచ్చాను."

అత్తయ్య తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. మాస్టారు ఆ వీధిలో అందరికంటే పాతవాడు. ఆయన దిగిపోతే రెండో అంతస్తులో గడియారాలు బాగుచేసే ఆయనా, మేమంతా పిన్ని అని పిలిచే ఆయన భార్యా దిగిపోతారు. వాళ్ళ వెనకే అందరూ. ఆఫీసరు వచ్చేసరికి మేనేజరు చెప్పబోయేది నిజమే అయి కూర్చుంటుంది. ఆ తర్వాత తుడవడానికి మాకు కిటికీ అంటూ ఉండదు, వీధీ ఉండదు.

"నాలుగు రోజులు ఆగండి మాస్టారూ" అంది చివరికి.

ఆ సాయంత్రం కొడుకుని తాళంచెవి అడిగింది. ఆయన ఇవ్వనన్నాడు. "అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, నా మాట విను" అన్నాడు.

"నా కాళ్ళు పట్టుకోవడానికి కోడలుందిలే" అంది అత్తయ్య.

ఆ మాటకి అర్థం నాకు మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. జీపు వీధి మలుపు తిరగ్గానే బకెట్టూ, గుడ్డలూ, కొట్లో దొరికిన వెనిగర్ సీసాలూ నా చేతికిచ్చి మాస్టారు గదికి పదమంది. పై అంతస్తు ఎక్కేసరికే నాకు ఆయాసం. ఆవిడ కిటికీ కింది రెక్కలు రెండూ బార్లా తెరిచింది. వీధికి వీపు పెట్టి కిటికీ గట్టు మీద కూర్చుంది. కాళ్ళు గదిలో, నడుం పైభాగమంతా బయట.

"మా అత్త కాలంలో నిచ్చెన ఎక్కడేడిచింది?" అంది. "ఇలాగే కూర్చునేవాళ్ళు. నా మోకాళ్ళు పట్టుకో. గట్టిగా! నామీద ఉన్న కోపమంతా చూపించు."

నేను నేల మీద గొంతుక్కూర్చుని ఆవిడ మోకాళ్ళు నా గుండెలకేసి అదుముకున్నాను. మాస్టారు పక్కన నిలబడి వెనిగర్ కలిపిన నీళ్ళల్లో గుడ్డ ముంచి అందించసాగాడు. సున్నం గట్టిగా ఉందని, చాకో బ్లేడో ఇవ్వనా అని అడిగాడు పాపం.

"బ్లేడు తగిలిందంటే అద్దం గీరుకుపోతుంది. పాత గాజు. తడిపి నానబెడితే పులుపుకి అదే విడుస్తుంది" అని బయట్నుంచి అరిచింది అత్తయ్య.

నేను తల ఎత్తకుండా ఆవిడ మోకాళ్ళకేసే చూస్తూ కూర్చున్నాను, అలవాటు కొద్దీ. కాసేపటికి మాస్టారు "చూడమ్మా చూడు" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇక్కడ నా కళ్ళల్లో నీళ్ళు పడవు, మధ్యలో అద్దం ఉంది. తల ఎత్తాను.

అద్దమంతా తెల్లగా ఉంది. అందులో ఒక మూల సున్నం కరిగి కిందికి జారుతోంది. అక్కడ ముందు అత్తయ్య చెయ్యి కనిపించింది, తర్వాత గడ్డం, తర్వాత నోరు. ఆ నోరు ఆడుతూనే ఉంది, ఎవర్ని తిడుతోందో గాలికి వినపడలేదు. తర్వాత కళ్ళు. పళ్ళు బిగబట్టి, కనుబొమలు ముడేసి, ఒక్క అద్దం మీద ప్రాణమంతా పెట్టి తుడుస్తోంది. నెరిసిన జుట్టు గాలికి మొహం మీద పడుతోంది, తీసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇన్నేళ్ళూ నా తలకి పైన ఈవిడ ఇలా ఉందన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ అద్దంలోంచి నన్ను చూసి, ఏం చూస్తున్నావ్, పట్టు అన్నట్టు కళ్ళెర్రజేసింది. ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

పైవరస అద్దాలు సగం అయ్యాయో లేదో, ఆవిడ మోకాళ్ళు వణికాయి. లోపలికి లాగేశాం. భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. మాస్టారు మంచినీళ్ళిచ్చాడు. ఆవిడ తాగి, ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చుని, నా వంక చూసింది.

"ఇక నువ్వు" అంది.

"నేనా!"

"మరి మాస్టారా? ఆయన కూర్చుంటే గట్టు విరుగుతుంది."

"నావల్ల కాదత్తయ్యా. నాకు కళ్ళు తిరుగుతాయి. మీరే కదా ఊరంతా చెప్పారు."

"ఊరికి చెప్పింది నువ్వెందుకు నమ్మావే?" అంది.

నేను కదల్లేదు. అంతలో కింద జీపు ఆగిన చప్పుడైంది. ఎవడో అప్పుడే కబురు మోసేసినట్టున్నాడు. మేనేజరు గొంతు పైకి వినపడింది.

"ఏమ్మా ముసలమ్మా, దిగావా? బుద్ధొచ్చిందా?" అని, పక్కనెవరితోనో నవ్వుతూ అన్నాడు. "ఆ కోడలుందే, అది పిరికిది. పీట కూడా ఎక్కలేదట. ఇక అయిపోయింది వీళ్ళ పని."

నాకు ఎత్తంటే భయం. దానికంటే, నన్ను చూసి ఎవడైనా పళ్ళికిలిస్తే ఒళ్ళు మంట. గుడ్డ తీసుకున్నాను. గట్టు మీద కూర్చున్నాను. వెనక్కి వాలి నడుం బయట పెట్టాను. వీపు వెనక ఏమీ లేదు. గాలి ఉంది. అత్తయ్య చేతులు నా మోకాళ్ళ మీద పట్టకారులా బిగుసుకున్నాయి. కిందికి చూడకూడదని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అద్దాన్నే చూశాను. సున్నం మీద గుడ్డ పెట్టాను.

"ఏయ్! దిగు! లోపలికి పో!" కింద మేనేజరు అరుస్తున్నాడు. ఇందాకటి నవ్వు లేదు. కాసేపు నన్ను తిట్టాడు. తర్వాత మా ఆయన మీద పడ్డాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే అదే. "పైకి పో! పోయి నీ పెళ్ళాన్ని లోపలికి లాగు. లేకపోతే నీ ఉద్యోగం ఇప్పుడే ఊడుతుంది, మీ సామాను వీధిలో ఉంటుంది. వింటున్నావా?"

"సరే సార్" అన్న మాట నాకు వినపడింది. మెట్ల మీద చెప్పుల చప్పుడూ వినపడింది. తర్వాత గాలి హోరు తప్ప ఏమీ లేదు. నేను తుడుస్తూనే ఉన్నాను. ఆయనొచ్చి లాగేలోపు ఈ ఒక్క అద్దమైనా అవ్వాలి అనుకున్నాను. సున్నం పాలలా కారింది. అద్దం విచ్చుకుంది. అందులోంచి గది కనిపించింది, తలుపు కనిపించింది, తలుపులో మా ఆయన కనిపించాడు. రొప్పుతున్నాడు. ఏదో అన్నాడు. అత్తయ్య తల తిప్పకుండా ఏదో అంది. మాస్టారు పక్కకి జరిగాడు. మాటలేవీ నాదాకా రావడం లేదు, పెదవులే కదులుతున్నాయి.

ఆయన వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అత్తయ్య చేతులు తీసింది. ఒక్క క్షణం నా కాళ్ళ మీద ఏ చెయ్యీ లేదు. తర్వాత ఆయన చేతులు పడ్డాయి. లాగుతాడని కళ్ళు మూసుకున్నాను.

లాగలేదు. పట్టుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే తల వంచుకుని, నా మోకాళ్ళకేసి నుదురు ఆనించి, కాలు ఎలా ఉండాలో అలాగే ఉన్నాడు.

నేను తర్వాతి అద్దం అందుకున్నాను. కింద మేనేజరు ఎంతసేపు అరిచాడో నాకు గుర్తులేదు. నేను లోపలికొచ్చాక, మా ఆయన జీపు తాళాలు జేబులోంచి తీసి, కిందికెళ్ళి మేనేజరు చేతిలో పెట్టి వచ్చాడు. నడుముకున్న తాళంచెవి ఊడదీసి వాళ్ళమ్మకిచ్చాడు. "తిన్నావా?" అని అడిగింది ఆవిడ. "లేదు" అన్నాడు. మాస్టారు పొయ్యి వెలిగించాడు.

ఆ తర్వాత మేం దాక్కుని చేసింది లేదు. పోయేది ఎలాగూ పోయింది, ఇక భయం దేనికి? పొద్దున నిచ్చెన, మధ్యాహ్నం గట్లు. అత్తయ్య భుజానికి నూనె రాసి కట్టుకట్టాం. ఆవిడ కింద బకెట్ బోర్లించుకుని కూర్చుని మా ఇద్దరి పనికీ వంకలు పెట్టేది. మేనేజరు మనుషులు రెండిళ్ళకి మళ్ళీ సున్నం కొట్టారు. మేం మళ్ళీ కడిగాం. అది చూసి గడియారాల పిన్ని ఒకరోజు తనే గట్టెక్కి కూర్చుని "ఏమండోయ్, రండి, నా కాళ్ళు పట్టుకోండి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే మొదటిసారి మీరు నాకు పనికొచ్చేది" అని మొగుణ్ణి కేకేసింది. వీధంతా నవ్వింది. నాలుగు రోజుల్లో ఏ కిటికీలో చూసినా ఎవరో ఒకరు వీపు బయట పెట్టుకుని కూర్చున్నవాళ్ళే. మాటలు లేని అన్నదమ్ములిద్దరు మొహాలు పక్కకి తిప్పుకునే ఒకరి మోకాళ్ళు ఒకరు పట్టుకున్నారు. మాస్టారు చెల్లెలి మాట మళ్ళీ ఎత్తలేదు.

గదులు ఖాళీ చెయ్యమని మేనేజరు కబురు మీద కబురు పంపాడు. మేం వినపడనట్టు ఊరుకున్నాం. చివరికి ఒకరోజు పొద్దున, మేం పనిలో ఉండగా, మంచాలూ గిన్నెలూ పరుపులూ తెచ్చి వీధిలో పడేయించి మా తలుపుకి తాళం వేయించాడు. ఆ రోజే ఎందుకు వేశాడో కాసేపటికి తెలిసింది. ఆఫీసరు వచ్చాడు.

ఎండకి గొడుగు వేసుకుని, వీధి మధ్యలో నిలబడి, తల పైకెత్తి చూశాడు. మేనేజరు పక్కనే ఉన్నాడు. మేం మా సామాను పక్కన నిలబడ్డాం. ఇళ్ళన్నీ ఎండలో మెరుస్తున్నాయి.

"కిటికీలు శుభ్రంగా ఉన్నాయే?" అన్నాడు ఆఫీసరు.

"అదంతా నాటకం సార్. వీళ్ళు చేసింది. ఎవరి అనుమతీ లేదు" అన్నాడు మేనేజరు.

ఆఫీసరు అత్తయ్యకేసి చూశాడు. "ఎవరు తుడవమన్నారమ్మా మిమ్మల్ని?"

"దుమ్ము ఎవర్నడిగి పడిందో చెప్పండి బాబూ, నేను ఎవర్నడిగి తుడిచానో అప్పుడు చెప్తాను" అంది అత్తయ్య.

మేనేజరు గొంతు పెంచాడు. "సార్, వీళ్ళసలు ఈ ఇళ్ళల్లో ఉండేవాళ్ళే కాదు. నా పనివాళ్ళు. పనీ పోయింది, గదీ పోయింది. అదుగో, సామాను వీధిలో ఉంది చూడండి. మిగతావాళ్ళూ అంతే, ఇవాళో రేపో పోతారు. కావాలంటే అడగండి, ఎక్కడుంటున్నారో చెప్పమనండి."

ఆఫీసరు నావైపు తిరిగాడు. "మీరెక్కడుంటారమ్మా?"

నేను మా మంచాల్ని చూశాను. తలుపుకున్న తాళం చూశాను. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడే" అన్నాను.

"ఇక్కడంటే, ఏ ఇంట్లో?"

ఏ ఇల్లని చెప్పను? చెప్పడానికి నాకే ఇల్లూ లేదు. ఉన్న మాట ఒప్పుకుంటే మేనేజరు గెలిచినట్టే. మా ఆయన ఏదో అనబోయాడు.

"మా ఇంట్లో!" అని పైనుంచి కేక వినపడింది. కుట్టు మాస్టారు కిటికీలోంచి సగం బయటికి వంగాడు. "మా ఇంట్లోనే ఉంటారు సార్, నా దగ్గరే!"

"మీ ఇంట్లో చోటెక్కడిది మాస్టారూ, మీ మిషన్కే చాలదు!" రెండో అంతస్తులోంచి పిన్ని గయ్యిమంది. "మా ఇంట్లో సార్! మా ఇంట్లో! మంచాలు కూడా పడతాయి, వచ్చి కొలుచుకోండి!"

"మీ గడియారాల మోతకి వాళ్ళకి నిద్ర పడుతుందా?"

"మీ మిషను మోత కంటే నయం!"

ఎదురు వరసలోంచి ఇంకెవరో మా ఇంట్లో అన్నారు. మాటలు లేని అన్నదమ్ములు రెండు కిటికీల్లోంచి ఒకేసారి మా ఇంట్లో అని అరిచి, ఒకరినొకరు చూసుకుని మొహాలు తిప్పుకున్నారు. రెక్కలు తెరుచుకుంటున్నాయి, జనం వంగుతున్నారు, మా గురించి ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. అత్తయ్య సామాను మీద కూర్చుండిపోయింది. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆఫీసరు గొడుగు మూసి, మేనేజరుకేసి చూశాడు.

"ఎవరూ ఉండటం లేదన్న ఇళ్ళల్లో ఇంత గొడవేమిటండీ?" అన్నాడు.

ఆ ఏడు ఆ ఇళ్ళు పడలేదు. మేం మాస్టారు గదిలో మధ్యకి తెరకట్టుకుని వానాకాలమంతా గడిపాం. మిషను మోతకి నిజంగానే నిద్ర పట్టేది కాదు. మేనేజరు ఊరుకుంటాడని మేమెవరం అనుకోలేదు, ఆయన ఊరుకోనూ లేదు. మెట్లు విరగ్గొట్టించాడు, బాగుచేసుకున్నాం. నీళ్ళు ఆపించాడు, మోసుకొచ్చుకున్నాం. అత్తయ్య భుజం మళ్ళీ మామూలు కాలేదు. అందుకని ఆవిడ కాలు అయింది, నేను చెయ్యి అయ్యాను. నిచ్చెన ఎక్కాల్సిన రోజున మా ఆయన కింద పట్టుకుంటాడు, గట్టు మీద కూర్చోవాల్సిన రోజున ఆవిడ పట్టుకుంటుంది. పని మధ్యలో మాట్లాడకూడదన్న నియమాన్ని కూడా ఆవిడే తీసేసింది. నా మోకాళ్ళు పట్టుకుని, నేను లేవలేనని తెలిసి, నా వంట గురించీ మా పుట్టింటివాళ్ళ గురించీ అన్నీ అప్పుడే అడుగుతుంది.

వానలు వెలిసిన కొత్తల్లో ఒకరోజు, నేను మూడో అంతస్తు గట్టు మీద కూర్చుని ఉన్నాను. ముందురోజు ఎవడో అద్దం మీద విసిరిన తారు మరక వదిలించి, గుడ్డ బకెట్లో పిండుతున్నాను. కింద తెల్లచొక్కా నడిచొస్తోంది. కొత్త డ్రైవరుకి మా కిటికీలు చూపించి ఏదో చెప్తూ నవ్వుతున్నాడు. నేను మెడ తిప్పి కిందికి చూశాను. కళ్ళు తిరగలేదు. బకెట్ గట్టు మీదికి తీసుకుని, ఆయన సరిగ్గా కిందికి వచ్చేదాకా ఆగి, వంచాను.

కింద గోల లేచింది. అత్తయ్య చేతులు నా మోకాళ్ళ మీద బిగుసుకున్నాయి.

"ఏమే, చూసుకుని పొయ్యొద్దా!" అని లోపల్నుంచి అరిచింది.

"చూసే పోశానత్తయ్యా" అన్నాను.